చెంపదెబ్బతో తేలే కేసులు

ఆడవాళ్ళు టీవీ ముందు కూర్చుంటే ఏడుపు సీరియళ్ళే చూస్తారని లోకంలో ఒక నమ్మకం పాతుకుపోయింది. అత్తాకోడళ్ళ తగాదాలు ఇళ్ళల్లోనే కావలసినన్ని ఉండగా మళ్ళీ టీవీలో కూడా ఎందుకని ఎవరూ ఆలోచించరు. నా సంగతి చెబుతాను. నాకు పోలీసు కథలంటే ప్రాణం. పొయ్యిమీద పాలు పెట్టి, శవం ఎక్కడ దొరికిందో చూడ్డానికి పరుగెత్తుకొచ్చే రకాన్ని. నలభై ఏళ్ళుగా చూస్తున్నాను గనక, ఈ కథలు ఏయేటికాయేడు ఎలా మారాయో, ఏ కాపుకు రుచి చెడిందో చెప్పే అర్హత కొంత వచ్చిందనే అనుకుంటున్నాను.

నా పుట్టిల్లు కోరుట్ల. మెట్టినిల్లు జగిత్యాల. చెల్లెల్ని సిరిసిల్లలో ఇచ్చారు. ఊళ్ళ పేర్లు ఎందుకంటారా? ఒకే సీరియల్‌ను మూడు ఊళ్ళలో మూడు రకాలుగా చూసేవాళ్ళం. కోరుట్లలో మా పుట్టింటి వాడకట్టంతా బీడీలు చుట్టేవాళ్ళే. ఒళ్ళో చాట, చాటలో తునికాకు, పక్కన తంబాకు. చూపు ఆకుమీంచి తప్పితే బీడీ పాడవుతుంది, చుట్టిన లెక్క తగ్గుతుంది. అందుచేత వాళ్ళు టీవీని వింటారు. సిరిసిల్లలో చెల్లె ఇంటి గోడకవతలే సాంచాలు. మరమగ్గాలను అక్కడ అలాగే అంటారు. ఆ టకటకలో పక్కనున్న మనిషి మాటే వినబడదు, ఇక టీవీలో మాటేం వినబడుతుంది? వాళ్ళు టీవీని చూస్తారంతే. జగిత్యాలలో మేము చూడ్డమూ, వినడమూ, మధ్యలో దొంగ ఎవరని పందేలు వేసుకోవడమూ అన్నీ చేసేవాళ్ళం. కథ బాగుందా లేదా అన్నది తేల్చడానికి ఇంతకంటే మంచి ఏర్పాటు ఎవరు చేయగలరు చెప్పండి!

అంతా హిందీలో కదా, మీకెలా అర్థమయ్యేదంటారేమో. నిజాం రాజ్యంలో పుట్టి పెరిగిన మా పెద్దవాళ్ళకు ఉర్దూ కొట్టినపిండి. అందులోనూ పోలీసు వ్యవహారానికి సంబంధించిన మాటలన్నీ మాకు అక్కణ్ణించి వచ్చినవే. ఠాణా, అమీను, పంచనామా, జమానతు, జప్తు, హాజరు... అన్నం ఎట్లా అడగాలో తెలియని ముసలమ్మకైనా ఈ మాటలు తెలుసు. తెలియక తప్పలేదు. ఆ సంగతి తర్వాత చెబుతాను.

మొదట 1985లో దూరదర్శన్‌లో 'కరంచంద్' వచ్చింది. నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, క్యారెట్ కొరుకుతూ, పక్కనున్న కిట్టిని కసురుతూ పంకజ్ కపూర్ నేరస్థుణ్ణి పట్టేవాడు. సరదాగానే ఉండేది. కాని అది మన డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజుల బాణీ. కొమ్మూరి సాంబశివరావుగారి పుస్తకాలు మా బాపు దిండు కింద పెట్టుకుని చదివేవాడు, మేము ఆయన దిండు కిందినుంచి తీసి చదివేవాళ్ళం. అటువంటి కథల్లో పోలీసులు తెల్లబోయి నిలబడ్డానికే ఉంటారు. 2007లో అదే పంకజ్ కపూర్‌తో 'కరంచంద్' మళ్ళీ తీశారు. క్యారెట్ అదే, కళ్ళద్దాలూ అవే. కిట్టి మారింది, కాలమూ మారింది. ఎక్కువకాలం నిలబడలేదు.

అసలైన పోలీసు కథ మా ఇళ్ళలోకి ఒక ఆడపిల్ల చేతులమీదుగా వచ్చిందంటే మగవాళ్ళు ఇప్పటికీ ఒప్పుకోరు. 1989లో వచ్చిన 'ఉడాన్' గుర్తుందా? ఆ కవితా చౌధరిని మీరు మరిచిపోయి ఉండరు. తెల్ల చీరలో సర్ఫ్ పాకెట్ పట్టుకుని, చవకైన వస్తువుకూ మంచి వస్తువుకూ తేడా చెప్పిన లలితాజీ ఆవిడే. కథ రాసిందీ, తీసిందీ, కళ్యాణి వేషం వేసిందీ కూడా ఆవిడే. ఆ కథకు ప్రేరణ సొంత అక్క కంచన్ చౌధరి భట్టాచార్య. 1973 బ్యాచి ఐ.పి.ఎస్. అధికారిణి. కిరణ్ బేడీ తర్వాత ఆ ఉద్యోగంలోకి వచ్చిన రెండో మహిళ. 2004లో ఉత్తరాఖండ్‌కు డి.జి.పి. అయింది. దేశంలో ఒక రాష్ట్రానికి ఆ పదవిలోకి వచ్చిన మొదటి స్త్రీ ఆమే. 2019లో అక్క పోయింది, 2024లో చెల్లెలూ పోయింది.

'ఉడాన్'లో గొప్పతనం ఏమిటంటే, అందులో ఏదీ తొందరగా జరగదు. తండ్రి భూమి పోయింది. అర్జీలు పెట్టాడు. ఆఫీసులచుట్టూ తిరిగాడు. అది చూసిన పిల్ల చదివింది, పరీక్ష రాసింది, శిక్షణకు వెళ్ళింది. ఆ శిక్షణలో పరేడ్ గ్రౌండులో కాళ్ళు బొబ్బలెక్కడం కూడా చూపించారు. (ఐ.పి.ఎస్. వాళ్ళ శిక్షణ కళాశాల మన హైదరాబాదులోనే ఉందన్న సంగతి ఆ వంకన మాకు తెలిసింది.) వారం వారం ఆ పిల్లతో పాటు మేమూ నడిచాం. మా చెల్లె అప్పుడు పదో తరగతి. పోలీసు ఆఫీసరు నవుతానని ఇంట్లో చెబితే, "ముందుగాల కూర తాళింపు బెట్టు" అంది మా అమ్మ. కాని ఆ మాట అన్నాక అమ్మ కూడా వచ్చి టీవీ ముందు కూర్చుంది.

తర్వాత 1993లో బాసూ చటర్జీ తీసిన 'బ్యోమకేశ్ బక్షి'. 1997లో రెండో విడత వచ్చింది. రెండు విడతలూ మధ్య రుచి తేడా దాదాపు లేదు. కారణం పెద్ద రహస్యమేమీ కాదు. శరదిందు బందోపాధ్యాయ 1932 నుంచి కుదురుగా రాసుకున్న కథలు కొన్ని ఉన్నాయి. అవి ఉన్నంతవరకు తీశారు, మానేశారు. జాడీలో పచ్చడి ఎంత ఉందో తెలిసిన ఇల్లాలు అన్నం కూడా అంతకే కలుపుతుంది.

ఇక 'సి.ఐ.డి.' దగ్గరికి వస్తాను. చెప్పవలసినదంతా దాని గురించే ఉంది.

1998 జనవరిలో సోనీ చానెల్లో మొదలైంది. తీసినవాడు బి.పి.సింగ్. ఏ.సి.పి. ప్రద్యుమ్న్‌గా శివాజీ సాటమ్, అంతకుముందు బ్యాంకులో ఉద్యోగం చేసిన మనిషి. ఆ పోలికే మాకు నచ్చింది. నిజంగానే మన బ్యాంకులో కౌంటరు వెనకాల కూర్చునే పెద్దమనిషిలా, అలసటగా, చొక్కా చేతులు మడుచుకుని ఉండేవాడు. మొదట్లో ఇన్‌స్పెక్టరు వేషం వేసిన అశుతోష్ గోవారికర్ 2001లో 'లగాన్' తీసి పెద్ద దర్శకుడయ్యాడు.

ఆ తొలి సంవత్సరాల్లో ఒక్కో కేసు రెండు వారాలు నడిచేది. వాళ్ళు ఇంటింటికీ తిరిగి అడిగేవాళ్ళు. అడిగినవాళ్ళు సగం అబద్ధం చెప్పేవాళ్ళు. అనుమానం ఒకరిమీదికి పోయి, తప్పని తేలి, మళ్ళీ మొదటికి వచ్చేది. వారం రోజులు మేము వంటింట్లో, బావి దగ్గర, బస్సులో ఆ కేసే విచారించేవాళ్ళం. కోరుట్ల వదినె ఫోను చేసి, "గా వాచ్‌మన్ గొంతు ఒణికింది, నువ్వు ఇన్నవా?" అని అడిగేది. చూడలేదు కదా, విన్నది. సిరిసిల్ల చెల్లె, "వాడు చెయ్యి జేబులకెళ్ళి తియ్యనేలేదక్కా" అనేది. వినలేదు కదా, చూసింది. రెండూ కలిపితే దొంగ దొరికేవాడు. ప్రద్యుమ్న్ తన కొడుకే నేరస్థుడని తెలిసి కాల్చవలసి వచ్చిన కథ కూడా ఆ తొలినాళ్ళదే. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ సరిగా అన్నం తినలేదు. 2004లో ఒకే ఒక్క షాట్‌లో, కెమెరా ఆపకుండా 111 నిముషాల కథ తీసి రికార్డు పుస్తకాల్లోకెక్కారు. నా లెక్కలో సి.ఐ.డి. శిఖరం అక్కడే. అక్కణ్ణించి దిగుడే.

దిగుడు ఒక్కరోజులో రాలేదు. కథ రెండు వారాలనుంచి ఒక్క రాత్రికి కుదించుకుపోయింది. వారానికి ఒకటి కాస్తా రెండు, మూడయ్యాయి. అన్ని కథలు ఎవరు రాయగలరు? పండగ రోజున బూరెలు ఎన్ని వేసినా రుచిగానే ఉంటాయి గాని, ఏడాది పొడుగునా రోజూ వేయమంటే చివరికి పిండే మిగులుతుంది. కథ లేనిచోట అలవాట్లు వచ్చి కూర్చున్నాయి. ఏ.సి.పి. చెయ్యి గాలిలో తిప్పి ఏదో గడ్‌బడ్ ఉందని అనాలి. దయా తలుపు విరగ్గొట్టాలి, గొళ్ళెం తీసే ఉన్నా సరే. డాక్టర్ సాళుంకే గాజుగొట్టంలో రంగునీళ్ళు పోసి, అవి ఆకుపచ్చగా మారగానే విషం పేరు చెప్పాలి. ఫ్రెడ్రిక్స్ భయపడాలి. (ఆ వేషం వేసిన దినేశ్ ఫడ్నిస్ 2023 డిసెంబరులో పోయాడు. మా పిల్లలకు ఆయనంటే మహా ఇష్టం.) మధ్యలో దయ్యాల భవంతులు కూడా వచ్చాయి. ఆఖరున దయా చెంపమీద ఒక్కటిస్తాడు. వాడు అంతా ఒప్పుకుంటాడు. ఏ.సి.పి. నీకిక ఉరే అంటాడు. అంతే.

కోరుట్ల వాడకట్టులో ఇప్పుడు వినవలసిన పని కూడా లేకపోయింది. తలుపు విరిగిన చప్పుడైతే సగం అయినట్టు, చెంపదెబ్బ చప్పుడైతే అయిపోయినట్టు. ఆ లెక్కన పొయ్యి వెలిగించుకునేవాళ్ళు.

పిల్లలు చెంపదెబ్బకు చప్పట్లు కొట్టేవాళ్ళు. మా అత్తమ్మ మాత్రం సరిగ్గా ఆ వేళకు లేచి లోపలికి పోయేది. మొదట్లో మందులు వేసుకోవడానికనుకున్నాను. ఒకరోజు అడిగాను. "గా దెబ్బకు ఎవ్వడైనా ఒప్పుకుంటడు బిడ్డా. చేసినోడూ ఒప్పుకుంటడు, చెయ్యనోడూ ఒప్పుకుంటడు. గండ్ల ఏమున్నదని సూడాలె?" అంది.

1978 అక్టోబరులో, రైతుకూలీల ఉద్యమం నడుస్తుండగా, ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆ ప్రకటనతో పోలీసులకు మామూలు రోజుల్లో లేని అధికారాలు వచ్చాయి. ఆ కాలంలోనే అత్తమ్మ తమ్ముణ్ణి ఏదో అడగాలని ఒక ఠాణాకు తీసుకుపోయి మూడోరోజున పంపించారట. ఏ ఠాణాయో, ఏమడిగారో ఆయన ఎవరికీ చెప్పలేదు. నేను కాపురానికి వచ్చేటప్పటికి ఆయనకు ఎడమచెవి వినబడేది కాదు. పుట్టుకతోనేమో అనుకునేదాన్ని. ఆయన మా ఇంటికి వచ్చినప్పుడు టీవీలో సి.ఐ.డి. వస్తుంటే అత్తమ్మ తానే లేచి చానెల్ మార్చేది.

అత్తమ్మ బడికి పోలేదు గాని, ఆవిడ చెప్పిందే చట్టంలోనూ ఉంది. పోలీసు అధికారి ముందు ఒప్పుకున్న నేరాన్ని ఆ మనిషిమీద రుజువుగా వాడరాదని 1872 నాటి సాక్ష్య చట్టం చెప్పింది. తెల్లవాళ్ళు రాసిన చట్టం. తమ పోలీసులు ఎట్లా ఒప్పిస్తారో తమకు తెలుసు గనకే రాసుకున్నారు. 2024 జూలైలో కొత్త చట్టం వచ్చినా ఆ మాట అలాగే ఉంది. అంటే, దయా చెంపదెబ్బతో తేలిన కేసులన్నీ కోర్టు గడప దగ్గరే పడిపోతాయన్నమాట! పైగా ఉరి వేయడానికి ఏ.సి.పి. ఎవరు? జడ్జి ఉన్నాడు, పైన హైకోర్టు ఉంది. 1547 భాగాల్లో కోర్టు మెట్లు ఎక్కిన సందర్భాలు వేళ్ళమీద లెక్కపెట్టుకోవచ్చు. నిదానంగా నడిచిన తొలి కథల్లో ఈ లోటు అంతగా కనబడలేదు. అప్పుడు ఒప్పుకోలుకు ముందే ఆధారాలు ఉండేవి. ఆధారాలు వెతికే ఓపిక పోయినచోటికి చెయ్యి వచ్చింది.

బయటి దేశాల్లో ఈ జబ్బు లేదా అంటే, ఉంది. అమెరికాలో పోలీసు కథలకు ఆద్యం 'డ్రాగ్‌నెట్'. 1949లో రేడియోలో పుట్టి 1951లో టీవీలోకి వచ్చింది. లాస్ ఏంజిలిస్ పోలీసుల ఫైళ్ళలోని కేసులు తీసుకుని, తేదీలు, వేళలతో సహా పొడిపొడిగా చెప్పేవాళ్ళు. అదే 1967లో తిరిగి వచ్చేటప్పటికి పోలీసాయన కుర్రకారుకు ఉపన్యాసాలివ్వడంలో పడ్డాడు. ఇంగ్లండులో 1991లో వచ్చిన 'ప్రైమ్ సస్పెక్ట్' మనవాళ్ళు తప్పకుండా చూడవలసింది. మగ పోలీసుల మధ్య పెద్ద ఆఫీసరుగా నెగ్గుకొచ్చిన ఆడమనిషి కథ. పదిహేనేళ్ళలో ఏడే విడతలు తీశారు. ఆ హెలెన్ మిరెన్ ముఖంలో ముడతలు కూడా కథతో పాటే వచ్చాయి. బాల్టిమోర్ నగరం మీద 2002 నుంచి 2008 వరకు వచ్చిన 'ది వైర్' రాసినవాళ్ళలో ఒకడు పాత్రికేయుడు, ఒకడు పోలీసు పని చేసి తర్వాత బడిపంతులైనవాడు. మొదటి విడత మత్తుమందుల వీధి, రెండోది ఓడరేవు, తర్వాత రాజకీయం, తర్వాత బడి. పాత రుచి అరగదీయకుండా ఏటేటా ఊళ్ళో కొత్త వాడకట్టు చూపించారు. నా మటుకు నాకు బడి విడతే అన్నిటికంటే గొప్పది. అంతటి కథకూ అయిదో విడతలో బెసికింది. దర్యాప్తుకు డబ్బు రాబట్టడానికి డిటెక్టివే ఒక లేని హంతకుణ్ణి కల్పిస్తాడు. చూస్తుంటే, కథలు అయిపోయిన రచయిత పరిస్థితీ అదే కదా అనిపించింది.

మన దేశంలో మళ్ళీ నాకు ఆశ పుట్టించింది 2019లో వచ్చిన 'ఢిల్లీ క్రైమ్'. 2012 డిసెంబరులో ఢిల్లీ బస్సులో జరిగిన ఘోరం తాలూకు దర్యాప్తు అది. షెఫాలీ షా డి.సి.పి.గా వేసింది. ఏడు భాగాలు, కొద్ది రోజుల వెతుకులాట. నిద్ర లేని కళ్ళు, ఇంటికి ఫోను చేసి కూతురు తిన్నదా అని అడిగే ఆఫీసరు, బస్సు నెంబరు కోసం కళ్ళు కాయలు కాచేలా చూసే కానిస్టేబుళ్ళు. 2020లో అంతర్జాతీయ ఎమ్మీ బహుమతి వచ్చింది. ఏమాటకామాటే చెప్పుకోవాలి. 2022 నాటి రెండో విడత అంత బిగువుగా లేదు, అయిదు భాగాల్లో గబగబా ముగించారు. అయినా అందులో ఒక ప్రశ్న వేశారు. ఒక కులంలో పుట్టినందుకే మనుషుల్ని వరసగా పట్టుకొచ్చి ఠాణాలో కూర్చోబెట్టవచ్చునా అని. తెల్లదొరలు 1871లో నేరస్థ జాతులని ముద్ర వేసినవాళ్ళకు స్వతంత్రం వచ్చాక 1952లో గాని విముక్తి రాలేదు. మన స్టూవర్టుపురం గుర్తుకు రాకమానదు. 2025లో వచ్చిన మూడో విడత ఆడపిల్లల్ని అమ్ముకునేవాళ్ళ మీద. విషయం పెద్దది, ఊళ్ళు ఎక్కువ, దారాలు చిక్కుపడ్డాయి. మా సిరిసిల్ల చెల్లె నాతో ఒప్పుకోదు. మొదటిది చూస్తే భయమేసిందట, మూడోది చూస్తే ఏడుపొచ్చిందట.

సి.ఐ.డి. మాటకొస్తే, 2018 అక్టోబరులో ఆపారు. 2024 డిసెంబరులో మళ్ళీ మొదలుపెట్టారు. 2025లో ఏ.సి.పి. ప్రద్యుమ్న్‌ను బాంబు పేల్చి చంపారు. జనం గోలపెట్టారు. కొన్నాళ్ళకే తిరిగి తెచ్చారు. మన పోలీసువాడికి చావు కూడా చెంపదెబ్బ లాంటిదైపోయింది.

ఇదంతా ఇంత పట్టింపుగా ఎందుకు రాస్తున్నానంటే, మా వీధిలో కుట్టుమిషను పెట్టుకున్న ఒకావిడ మెడలోంచి ఈ మధ్య పుస్తెలతాడు తెంపుకుపోయారు. సాయంకాలం కూరగాయలు తెచ్చుకుంటుంటే, బండిమీద ఇద్దరు. పోలీసు సీరియళ్ళు చూస్తానని నాకు వీధిలో పేరుంది కదా, ఏడ్చుకుంటూ ముందు నా దగ్గరికే వచ్చింది. "అక్కా, వాని యేలిముద్రలు నా మెడమీదుంటయి గదా. కడగకుంట అట్లనే పోవాల్నా?" అని అడిగింది. చీర కొంగు మెడకు తగలనీయకుండా పట్టుకుని ఉంది. పొద్దుటికల్లా ల్యాబులో తేలిపోతుందని, ఎల్లుండికి తాడు చేతికొస్తుందని ఆవిడ ధీమా. అలా కాదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ముఖం కడిగించి, కాసిన్ని మంచినీళ్ళిచ్చి, ఫిర్యాదు కాగితం రాయించి, ఇద్దరం కలిసి వెళ్ళాం. ఎఫ్.ఐ.ఆర్. నకలు అడిగి తీసుకోమని, అది పైసా కట్టకుండా ఇవ్వాలని, ఆడవాళ్ళను విచారించాలంటే వాళ్ళే ఇంటికి రావాలని దారిలో చెప్పాను. ఈ మూడు ముక్కలూ ఏ సీరియల్‌లోనూ వినలేదంది.

అక్కడ కూర్చున్న కానిస్టేబులు కుర్రవాడు గంటసేపు ప్రశ్నలు వేశాడు. బండి ఏ రంగు, వెనకవాడు ఏ చేత్తో లాగాడు, చొక్కా చేతులు పొడుగా పొట్టా, మీరు ఏ దుకాణం దాటారు, అప్పటికి దీపాలు వెలిగాయా. అడిగిందే మళ్ళీ అడిగాడు. రాసుకున్నాడు. బయటికొచ్చాక ఆవిడ మొహం చిన్నబుచ్చుకుంది. "ఏ చేత్తో గుంజిండని నాలుగుసార్లు అడిగిండక్కా. గీనెకు ఏం జేతనైతదని?" అంది. నాకు మాత్రం పాతికేళ్ళ కింద కోరుట్ల నుంచి వచ్చిన ఫోను గుర్తుకొచ్చింది, ఒణికిన వాచ్‌మన్ గొంతు గురించి.

నాలుగు నెలలైంది. తాడు ఇంకా దొరకలేదు. ఆ కుర్రవాడు రెండుసార్లు వచ్చి, వీధిలో ఎవరెవరి గడపమీద కెమెరాలున్నాయో రాసుకుపోయాడు. మొన్న మూడోసారి వచ్చాడు, మా ఇంటికి. దీపాల సంగతే అడిగాడు.